‘చిన్న మార్పే కదా’ అన్న చోటే కాగితం కావాలి

సంపాదకులకు,

అయ్యా,

తెలుగు పత్రికల చదువు, ఉద్యోగాల పేజీలలో ఫ్రీలాన్సింగ్ మీద వచ్చే వ్యాసాలు ఏ కోర్సు నేర్చుకోవాలో, ప్రొఫైల్ ఎలా రాసుకోవాలో వివరంగానే చెబుతున్నాయి కానీ, పని చేతికి వచ్చాక ఎదురయ్యే అసలు చిక్కును మాత్రం దాదాపుగా ప్రస్తావించడం లేదు. ఒప్పుకున్న పని ఒకటి, మధ్యలో అడుగుతున్న పని మరొకటి అయినప్పుడు ఏం చేయాలన్నదే ఆ చిక్కు. చిన్న వ్యాపారులకు, బడులకు, క్లినిక్కులకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇవ్వడమే బతుకుతెరువుగా ఉన్నవాడిని కనుక, దీని మీద నా అభిప్రాయాన్ని మీ పాఠకుల ముందు ఉంచదలచాను. అదనపు పని అడిగే హక్కు క్లయింటుకు ఉంది, దానికి ధర చెప్పే హక్కు డెవలపరుకు ఉంది. ఆ ధర, గడువు రాతలో తేలకముందే పని మొదలుపెట్టడం వల్లనే ఇద్దరూ నష్టపోతున్నారు.

అడిగేవారిలో చాలామందికి దురుద్దేశం ఉండదని ముందుగా చెప్పాలి. వెబ్‌సైటు తయారై తెర మీదికి వచ్చేదాకా దాని యజమానికి కూడా తనకు ఏం కావాలో పూర్తిగా తెలియదు. మొదటి పేజీ చూడగానే కొత్త ఆలోచనలు రావడం సహజం. ఇల్లు కట్టించేటప్పుడు అనుకోని సజ్జనో, అలమరానో అడిగితే మేస్త్రి ‘అది ఎక్స్‌ట్రా అవుతుందండీ’ అని అక్కడికక్కడే చెబుతాడు, యజమాని కాసేపు బేరమాడతాడే తప్ప నొచ్చుకోడు, ఎందుకంటే అదనంగా పట్టే ఇటుక, సిమెంటు, కూలి ఇద్దరి కళ్లకూ కనబడుతూనే ఉంటాయి. వెబ్‌సైటులో అవేవీ కనబడవు. కనబడేది ఒక బటన్ మాత్రమే కాబట్టి బటన్‌కు తగ్గ పనే ఉంటుందని ఆయన నమ్ముతాడు. ఇటు డెవలపరేమో తెలిసినవారి సిఫారసు మీద వచ్చిన పని కదా అని మొహమాటపడి, ఇంత చిన్నదానికి డబ్బడిగితే ఏమనుకుంటారో అని ఊరుకుంటాడు. ఏకై వచ్చింది మేకై కూర్చునేది ఇలాగే.

నాకు ఎదురైన ఒక సందర్భాన్ని కొంచెం దగ్గరగా చూపిస్తాను. మా ప్రాంతంలోని ఒక చీరల వ్యాపారి తన దుకాణానికి వెబ్‌సైటు కావాలన్నారు. 5 పేజీలు, 60 చీరల ఫొటోలు ధరలతో సహా, నచ్చిన చీర కింద నొక్కితే దుకాణం వాట్సాప్‌కు సందేశం వెళ్లే ఏర్పాటు, డిజైనులో రెండు విడతల సవరణలు అని మా ఒప్పందం. సగం పని అయ్యేసరికి వాయిస్ మెసేజ్‌లు మొదలయ్యాయి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే బటన్ ఒకటి పెట్టాలి, కస్టమరు ఫోనుకు ఓటీపీ రావాలి, ఎలాగూ చేస్తున్నారు కాబట్టి తెలుగులో కూడా పెట్టేయాలి. అడిగినవి మూడే, అన్నీ న్యాయమైన కోరికలే, వ్యాపారానికి పనికొచ్చేవే.

డబ్బు కట్టే బటన్‌ను తీసుకుందాం. కస్టమరు ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బును వ్యాపారికి చేర్చే పేమెంట్ గేట్‌వే సంస్థలో ఖాతా తెరవాలంటే వ్యాపారి పాన్, బ్యాంకు ఖాతా, వ్యాపార ధ్రువపత్రాలు ఇవ్వాలి. సైటులో రద్దు, రీఫండు, డెలివరీ, గోప్యత నిబంధనల పేజీలు ఉండాలి. అంతకన్నా కష్టమైనది తరువాతి పని. చేనేత చీర చాలావరకు ఒక్కటే ఉంటుంది. ఒకే చీరకు ఇద్దరు ఒకే నిమిషంలో డబ్బు కడితే ఎవరికి అమ్మినట్టు? కస్టమరు ఖాతాలో డబ్బు తెగి, మన సైటుకు ఆ కబురు అందకపోతే ఆర్డరు ఉన్నట్టా, లేనట్టా? వాట్సాప్‌లో మాట్లాడుకుని అమ్మేటప్పుడు దుకాణంలోని గుమాస్తా తేల్చే ఈ సంగతులన్నిటినీ ఇప్పుడు ప్రోగ్రాము తేల్చాలి. అంటే, అప్పటిదాకా చీరలు చూపించే బొమ్మల పుస్తకంగా ఉన్న సైటు ఆ ఒక్క బటన్‌తో బిల్లింగ్ కౌంటరుగా మారుతుంది.

ఓటీపీ సంగతి ఇంకా విచిత్రం, అందులో కోడింగ్ కన్నా కాగితాల పనే ఎక్కువ. వాణిజ్య సందేశాల మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఎస్సెమ్మెస్ పంపదలచిన సంస్థ అటువంటి సందేశాలు పంపేవారిని నమోదు చేసే టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో తన పత్రాలతో నమోదు కావాలి, పంపేవారి పేరుగా కనబడే హెడరును, సందేశం నమూనాను ముందుగా ఆమోదింపజేసుకోవాలి. నమూనాకు సరిపోలని సందేశం కస్టమరుకు చేరదు. ఇదంతా వ్యాపారి పేరు మీద జరగవలసిన వ్యవహారం; ఆ తరువాత పంపిన ప్రతి సందేశానికీ ఛార్జీ ఉంటుంది.

తెలుగు విషయంలో అడిగినవారిదే కాదు, మన భాష కంప్యూటరులోకి వచ్చిన తీరుదీ కొంత బాధ్యత ఉంది. వ్యాపారి పంపిన మేటరు కరపత్రం కోసం డీటీపీ దుకాణంలో అను ఫాంట్లతో కొట్టించిన పేజ్‌మేకర్ ఫైలు. అవి అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా చదివే యూనికోడ్ అక్షరాలు కావు కనుక నేరుగా సైటులో అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. మార్పిడి సాఫ్ట్‌వేరుతో యూనికోడ్‌లోకి తెచ్చినా కొన్ని వత్తులు పక్క అక్షరానికి అంటుకుంటాయి, కొన్ని దీర్ఘాలు ఎగిరిపోతాయి, తెలుగు బాగా తెలిసిన మనిషి ప్రతి వాక్యాన్నీ చదివి దిద్దవలసిందే. ఇంగ్లీషులో ఒక్క మాటగా మెనూలో ఒదిగిన ‘కాంటాక్ట్’ స్థానంలో ‘మమ్మల్ని సంప్రదించండి’ అని రాస్తే అది రెండు వరుసలకు విరిగి పక్కదాని మీద ఎక్కుతుంది. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలక కింది వత్తు తెగిపోతుంది. ఇక బిల్లును పీడీఎఫ్‌గా ఇవ్వాలంటే, ఆ పని చేసే లైబ్రరీలలో (ముందే రాసి ఉంచిన కోడ్‌లలో) కొన్నింటికి తెలుగు సంయుక్తాక్షరాలను కూర్చడం రాదు. ‘లక్ష్మి’ అని ఉండవలసిన చోట పొల్లులు తగిలించుకున్న హల్లులు వరుసగా నిలబడతాయి. కస్టమరు తన పేరును అలా చూసుకుంటే తిట్టేది దుకాణాన్నే. ఈ దిద్దుబాటు ఒక్కసారితో పోదు, రేపు చేర్చబోయే ప్రతి కొత్త చీరకూ రెండు భాషలలో వివరం రాయాలి. ‘ఎలాగూ చేస్తున్నారు కాబట్టి’ అన్న ఒక్క మాట వెనుక ఇంత ఉంది.

ఇటువంటప్పుడు డెవలపరు ఇవ్వవలసిన జవాబు ఆలస్యం లేకుండా వెళ్లాలని, మర్యాదగా ఉండాలని, అంకెలతో ఉండాలని నా అభిప్రాయం. నేను పంపిన ఈమెయిల్ దాదాపు ఇలా ఉంది: ‘తమరు అడిగిన మూడు అంశాలూ మన ఒప్పందంలో లేవు. ఆన్‌లైన్ చెల్లింపులకు 15,000 రూపాయలు, 10 పనిదినాలు. ఓటీపీకి 6,000 రూపాయలు, డీఎల్‌టీ నమోదు, సందేశాల ఛార్జీలు తమవే. తెలుగు పేజీలకు 18,000 రూపాయలు, దిద్దిన మేటరు తమరు ఇవ్వాలి. మూడూ ఇప్పుడే చేర్చితే దసరా నాటికి సైటు సిద్ధం కాదు. ఏది కావాలో రాతపూర్వకంగా తెలియజేస్తే మొదలుపెడతాను. అంతవరకు పాత ఒప్పందం ప్రకారం పని ఆగకుండా సాగుతుంది.’ ఆ చివరి వాక్యం నాకు ముఖ్యం. అదనపు పని గురించి మాట తేలలేదని అసలు పనిని ఆపేస్తే అది బెదిరింపులా ఉంటుంది. ఆయన ఓటీపీ అక్కరలేదన్నారు, ఫోన్ నంబరు రాయించుకుంటే చాలన్నారు. తెలుగు పండుగల సీజను అయ్యాక చూద్దామన్నారు. చెల్లింపులకు మాత్రం ఒప్పుకుని సగం అడ్వాన్సు పంపారు. రోజూ బేరమాడే మనిషికి ధర చెబితే కోపం రాదు. చివరి బిల్లులో చెప్పని అంకె కనబడితే వస్తుంది.

ధరకు ఒప్పుకోని క్లయింటు ముందు వేరే దారులూ పెట్టవచ్చు. ఒప్పందంలో ఉన్న పనిలో ఇంకా మొదలుపెట్టని సమానమైన భాగాన్ని తీసేసి దాని స్థానంలో కొత్తది చేర్చవచ్చు, లేదా రెండో విడతకు వాయిదా వేయవచ్చు. కొన్నిటిని కాదనడమే మేలు: పోటీ దుకాణం ఫొటోలను ఎత్తి తెచ్చి పెట్టమనడం, కస్టమర్ల నంబర్లను వారి అనుమతి లేకుండా మరొకరికి పంపే ఏర్పాటు చేయమనడం వంటివాటికి ధర చెప్పవలసిన పనే లేదు. మంచి సంబంధం కోసం ఉచితంగా చేయదలిస్తే చేయవచ్చు గానీ, దాన్ని కూడా ఇన్వాయిసులో ఒక వరుసగా రాసి, పూర్తి ధర వేసి, ఆ మొత్తాన్నీ తగ్గింపుగా చూపించాలి. అలా చూపించని ఉచితం మరుసటి ఏడాదికి ఆనవాయితీ అయిపోతుంది.

కొందరు సీనియర్లు ఇచ్చే సలహా ఒకటి నాకు నచ్చదు. ఎలాగూ అదనంగా అడుగుతారు కాబట్టి మొదటి కొటేషన్‌లోనే కొంత పెంచి వేసుకోమంటారు. అప్పుడు ఒప్పందానికి కట్టుబడి ఏమీ అడగని పద్ధతైన మనిషి, రోజుకో కోరిక కోరే మనిషి కోసం డబ్బు కట్టినట్టు అవుతుంది. గంటల లెక్కన బిల్లు వేయడం విదేశీ క్లయింట్లతో, ముఖ్యంగా అప్‌వర్క్ వంటి వేదికల మీద బాగానే నడుస్తుంది, కానీ మన ఊళ్లలో వ్యాపారులు మొత్తం ఎంతవుతుందో ముందే తెలియకుండా ఒప్పుకోరు, వారిని తప్పుపట్టలేము.

తప్పు మా వైపూ లేకపోలేదు. పని దక్కించుకోవడానికి తక్కువ ధరకు ‘పూర్తి వెబ్‌సైటు’ అని రాసిచ్చి, ఆ తరువాత ఫోనులో సరిగా కనబడడానికి కూడా అదనంగా అడిగేవారు ఉన్నారు. ఒప్పందంలో ఉన్న ఫారం పనిచేయకపోతే అది లోపం, దాన్ని పైసా తీసుకోకుండా సరిచేయాలి. ఒప్పందంలో లేని ఫారం అడిగితే అది కొత్త పని. ఏది ఎటు వస్తుందో నిజంగా అనుమానం ఉన్నప్పుడు, ఒప్పందాన్ని రాసింది మనమే కాబట్టి ఆ అస్పష్టత భారం మనమే మోయాలన్నది నా పద్ధతి. మరీ నీచమైనది, క్లయింటు డొమైనును, అంటే సైటు చిరునామాను, తన పేరు మీద కొని పెట్టుకుని, అదనపు బాకీ తేలేదాకా సైటును ఆపేయడం. డొమైను, సైటును నిలిపి ఉంచే హోస్టింగ్ ఖాతాలు మొదటి రోజు నుంచే యజమాని పేరు మీద ఉండాలి, బాకీ వసూలుకు అవి ఆయుధాలు కాకూడదు.

వసూలుకు చట్టం ఇచ్చిన దారులు ఉన్నాయి, అవి మా రంగంలో చాలామందికి తెలియవు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 62వ సెక్షన్ ప్రకారం ఇరుపక్షాలు ఒప్పుకుని పాత ఒప్పందాన్ని మార్చుకోవచ్చు. 70వ సెక్షన్ ప్రకారం, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చట్టబద్ధంగా చేసిన పని వల్ల మరొకరు ప్రయోజనం పొందితే, పొందినవారు ప్రతిఫలం ఇవ్వాలి. అయితే ఉచితంగా చేసే ఉద్దేశం లేదని చూపించేది ఏమిటి? అడిగిన రోజున పంపిన ధర, గడువుల ఈమెయిలే. నోరు మెదపకుండా చేసుకుంటూ పోయి ఆరు నెలల తరువాత బిల్లు పంపినవాడికి ఆ సెక్షన్ ఏ మేరకు అక్కరకు వస్తుందో ఊహించుకోవచ్చు. ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఏ సెక్షన్ చెబుతోంది కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన ‘సరే, చేయండి’కి కూడా విలువ ఉంది. కాకపోతే అటువంటి రికార్డును కోర్టులో చూపడానికి భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం కావాలి; ఫోను మార్చినప్పుడు పోయే వాయిస్ మెసేజ్ కన్నా ఈమెయిల్ మేలనడానికి అదొక కారణం.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ఇంకా ఎక్కువ ఉపయోగపడుతుంది. ఒంటరిగా పనిచేసే డెవలపరు కూడా ఇటువంటి సంస్థల నమోదుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో రుసుమేమీ లేకుండా సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. పని ఒప్పుకోకముందే నమోదై ఉండడం క్షేమం. చెల్లింపు గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదని ఈ చట్టం అంటుంది, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలవారీ చక్రవడ్డీ పడుతుంది. మాకు మరీ అవసరమైన మాట ఇందులోనే ఉంది: పని అప్పగించిన 15 రోజుల లోపు కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే లెక్క. నెలల తరబడి ‘ఇంకో చిన్న కరెక్షన్ ఉంది’ అంటూ చివరి విడత డబ్బు ఆపేవారికి ఈ సంగతి ముందుగానే ఒప్పందంలో చూపించాలి. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఈ చట్టం పెట్టిన చెల్లింపు గడువు దాటి చేసిన చెల్లింపులను నిజంగా కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలోకి వచ్చాక, మామూలుగా లెక్కలు రాసి పన్ను కట్టే వ్యాపారుల ఆడిటర్లే బకాయిలు తేల్చమని గుర్తుచేస్తున్నారు. వివాదం ముదిరితే ఇటువంటి బకాయిల వివాదాలను ఈ చట్టం కింద తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉన్నాయి. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి 800 డాలర్లు, అంతకు మించిన ఫ్రీలాన్స్ పనికి చేయవలసిన సేవల జాబితాతో రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. మనకు అటువంటి ప్రత్యేక చట్టం లేకపోయినా, ఉన్నవాటిని వాడుకోవడానికి కావలసిన కాగితం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఆ కాగితం ఒక్క పేజీకి మించనక్కరలేదు, తెలుగులో ఉంటే మరీ మంచిది, ఎందుకంటే ఇంగ్లీషు ఒప్పందం మీద చదవకుండా సంతకం పెట్టిన వ్యాపారి తరువాత ‘నాకు చెప్పలేదు’ అంటే అందులో కొంత నిజం ఉంటుంది. చేసే పనుల జాబితా అందరూ రాస్తారు. చేయని పనుల జాబితా రాయడమే అసలు అవసరం. ఫొటోలు, మేటరు ఎవరు ఇస్తారు, ఏ తేదీలోగా ఇస్తారు, సవరణలు ఎన్ని విడతలు, సైటు అప్పగించాక లోపాలు ఎన్నాళ్లు ఉచితంగా సరిచేస్తారు, అదనంగా అడిగినదానికి ధర ఎలా కడతారు అన్నవి ఉండాలి. ఆమోదం తెలిపే మనిషి ఒక్కరే ఉండాలని కూడా రాసుకోవాలి. లేకపోతే యజమాని ఒప్పుకున్న రంగును కొడుకు మార్చమంటాడు, కొడుకు ఒప్పుకున్న హోమ్ పేజీని బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనల్లుడు ఆదివారం వచ్చి మొదటి నుంచి మార్పిస్తాడు. కోడ్ మీద కాపీరైట్ సంగతి కూడా అందులోనే తేల్చాలి: 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి కాని డెవలపరు రాసిన ప్రోగ్రాముపై హక్కు సాధారణంగా అతనిదే, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప క్లయింటుకు వెళ్లదు. బాకీ పూర్తిగా చెల్లిన రోజున బదిలీ అవుతుందని రాస్తే ఇద్దరికీ సరిపోతుంది.

మా రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీల నుంచి కోడింగ్ నేర్చుకుని వస్తున్నారు. కొటేషన్ రాయడం మాత్రం ఎవరూ నేర్పడం లేదు. చివరి ఏడాది ప్రాజెక్టు మధ్యలో అధ్యాపకులే క్లయింటు పాత్ర వహించి ఒక కొత్త కోరిక కోరి, దానికి ధర, గడువుతో జవాబు రాయించి మార్కులు వేస్తే ఆ లోటు కొంత తీరుతుంది, దానికి సిలబస్ మార్చవలసిన అవసరం కూడా లేదు. ఊళ్లలోని వర్తక సంఘాలు తమ సభ్యుల కోసం, జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఉద్యమ్ నమోదుకు వచ్చేవారి కోసం తెలుగులో ఒక నమూనా ఒప్పందాన్ని అందుబాటులో ఉంచవచ్చు. మీ పత్రిక కూడా చదువు, ఉద్యోగాల పేజీలో ఒక వారం ఇందుకు కేటాయించి, న్యాయవాదుల చేత పరిశీలింపజేసిన నమూనాను ప్రచురించాలని కోరుతున్నాను. నేను వాడుతున్న ఒప్పంద పత్రాన్ని, అదనపు పనికి పంపే ఈమెయిల్ నమూనాను పేర్లు తీసివేసి మీ కార్యాలయానికి పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్,
గుంటూరు